లెక్కల పిచ్చి

"కోర్టు గుమాస్తాకి ఈ లెక్కలెందుకండీ?" అని మా అమ్మ నాన్నగారిని వారానికి ఒకసారైనా అడిగేది. అడిగేటప్పుడు ఆవిడ చేతిలో పాలవాడి పద్దో, పచారీ కొట్టు చీటీయో తప్పకుండా వుండేది. అది చూసిపెట్టమని అడగటానికే ఆవిడ వచ్చేది. నాన్నగారు ఆ చీటీ అందుకుని, కళ్లజోడు సవరించుకుని, వెనకవేపు ఖాళీగా వుందో లేదో ముందు చూసేవారు.

ఆయన మునసబు కోర్టులో గుమాస్తా. పగలంతా దావా కాగితాలకు నకళ్లు రాసేవారు. రాత్రి భోజనాలైన తర్వాత వసారాలో బల్ల ముందు కూచుని, చిత్తు కాగితాల మీద అంకెలు వేసుకునేవారు. అవి ఇంటి ఖర్చు అంకెలు కావు, ఎవరో మాకు బాకీ వున్నవీ కావు. ఉత్త అంకెలు. "ఏమిటి నాన్నగారూ అది?" అంటే, "ఏం లేదురా, ఊరికే చూస్తున్నాను" అనేవారు. ఆయన చదువు హైస్కూలుతో ఆగిపోయింది. ఆయనకు లెక్కలు చెప్పినవారూ లేరు, ఆయన లెక్కలు విన్నవారూ లేరు. ఊళ్లో వాళ్లు దాన్ని లెక్కల పిచ్చి అనేవారు. ఇంట్లో మేమూ అదే అనేవాళ్లం.

నాన్నగారు 1981లో పోయారు. తర్వాత మూడేళ్లకు అమ్మను నా దగ్గిరకు తీసుకువచ్చి, ఇల్లు ఖాళీ చేయించాను. అటక మీద ఆరు కట్టల కాగితాలు దొరికాయి. పాత కాగితాలు కొనేవాడు వస్తే కిలోల లెక్కన అమ్మేశాను. తూకంలో మోసం చేస్తాడేమోనని పక్కన నిలబడి మరీ చూశాను. పదకొండు కిలోలు తూగాయి. ఒక్క కాగితమైనా తిప్పి చూడలేదు.

ఈ సంగతి ఇన్నాళ్ల తర్వాత ఎందుకు చెబుతున్నానంటే, మూడు వందల యాభై యేళ్ల కిందట ఫ్రాన్సు దేశంలో ఇంకొక కోర్టు ఉద్యోగి వుండేవాడు. ఆయనకూ ఇదే పిచ్చి. ఆయనకూ ఒక కొడుకున్నాడు. ఆ కొడుకు నాలాంటివాడు కాదు.

ఆ పెద్దమనిషి పేరు పియేర్ ద ఫెర్మా. నేనాయన పేరు మొదటిసారి విన్నది 1993 జూన్ నెలాఖరున. పత్రికల్లో ఒక వార్త వచ్చింది: కేంబ్రిడ్జిలో ఆండ్రూ వైల్స్ అనే గణితవేత్త, శతాబ్దాలుగా ఎవరికీ లొంగని ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని రుజువు చేశాడట. నాకు ఆ సిద్ధాంతం సంగతి అంతుపట్టలేదు గాని, వార్తలో ఒక ముక్క మాత్రం పట్టుకుంది. ఫెర్మా వృత్తిరీత్యా లెక్కల మాస్టారు కాడు. న్యాయస్థానంలో పని చేసేవాడు. తీరిక వేళల్లో సరదాకి లెక్కలు చేసుకునేవాడు. పేపరు మడిచి పక్కన పెట్టి చాలాసేపు అలాగే కూచుండిపోయాను. బ్యాంకు ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్న తర్వాత, ఆయన గురించి దొరికినంత మట్టుకు చదివాను.

ఫ్రాన్సుకు దక్షిణాన తులూజ్ పట్నం వుంది. దానికి దగ్గిరలోనే బోమాన్ ద లొమాన్య అనే చిన్న ఊరు. ఫెర్మా అక్కడ పుట్టాడు. ఎప్పుడు పుట్టాడన్న దాని మీద ఒక వ్యవహారం నడిచింది. పాత పుస్తకాలన్నీ 1601 అంటాయి. ఇటీవలి పరిశోధకులు 1607 అంటున్నారు. 1601 నాటి పిల్లవాడు అదే పేరుతో ముందు పుట్టి పోయిన అన్నగారట. తండ్రి తోళ్ల వర్తకుడు, కలిగినవాడు. కొడుకుని న్యాయశాస్త్రం చదివించాడు. 1631లో ఫెర్మా తులూజ్ పార్లమాన్‌లో సలహాదారు పదవి కొనుక్కున్నాడు. ఆ రోజుల్లో అక్కడ ఇలాంటి పదవులు కొనుక్కోవటం మామూలే. పార్లమాన్ అన్నది మన పార్లమెంటు వంటిది కాదు, పెద్ద న్యాయస్థానం. ఆ సంవత్సరమే పెళ్లీ అయింది. పిల్లలు కలిగారు, వాళ్లలో అయిదుగురు పెరిగి పెద్దవాళ్లయ్యారు. అప్పటినుంచి పోయేదాకా ఆయన చేసిన ఉద్యోగం అదొక్కటే. దావాలు, అర్జీలు, తీర్పులు. వీటి మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ లెక్కలు.

ఆయన ఒక్క గణిత గ్రంథం కూడా తన పేరుతో అచ్చు వేయించుకోలేదు. ప్రచురిద్దామని స్నేహితులంటే, తన పేరు పెట్టవద్దన్నాడు. అంతా ఉత్తరాల్లోనే. పారిస్‌లో మెర్సెన్ అనే సన్యాసి ఒకాయన వుండేవాడు. దేశదేశాల పండితులు రాసిన ఉత్తరాలు ఆయన దగ్గిరకు చేరేవి, ఆయన వాటిని అందరికీ అందించేవాడు. 1636లో ఫెర్మా ఆయనకు ఉత్తరాలు రాయటం మొదలుపెట్టాడు. ఫలానా విషయం కనుక్కున్నాను, చేతనైతే మీరూ కనుక్కోండి అనేది ఆ ఉత్తరాల ధోరణి. రుజువు మాత్రం సాధారణంగా పంపేవాడు కాడు. చదివినవాళ్లకు ఒళ్లు మండేదంటే ఆశ్చర్యం ఏముంది?

ఇంతకీ ఏం కనుక్కున్నాడు? రేఖాగణితాన్ని బీజగణితంతో ముడిపెట్టి, వంపు గీతను సమీకరణంగా రాసే పద్ధతి ఒకటి. ఇది దెకార్త్ మహాశయుడి పేరు మీద చెలామణీ అవుతోంది. దెకార్త్ పుస్తకం 1637లో అచ్చయింది. ఫెర్మా తనంతట తాను అదే సంగతి రాసిపెట్టుకున్న వ్రాతప్రతి ఆ రోజుల్లోనే పారిస్‌లో చేతులు మారుతోంది. వంపు గీతకు స్పర్శరేఖ గీయటం, ఒక రాశి ఎక్కడ గరిష్ఠమవుతుందో, ఎక్కడ కనిష్ఠమవుతుందో తేల్చటం కూడా ఆయన పద్ధతిలో వున్నాయి. న్యూటన్, లైబ్నిజ్‌ల కలన గణితానికి అది ముందు మెట్టు. ఆ పద్ధతి మీద దెకార్త్ విరుచుకుపడ్డాడు. ఫెర్మా కోపం తెచ్చుకోకుండా, తొణక్కుండా జవాబులు రాశాడు. ఉద్యోగం లెక్కలది కాదు గనక, పోయే పరువు కూడా లేదనుకున్నాడు కాబోలు.

1654లో పాస్కల్ ఒక జూదగాడి చిక్కు పంపించాడు. ఇద్దరు చెరి 32 నాణేలు ఒడ్డి ఆడుతున్నారు. ముందుగా మూడు ఆటలు గెలిచినవాడికి మొత్తం 64 నాణేలూ. ఒకడు రెండు గెలిచాడు, ఇంకొకడు ఒకటి గెలిచాడు. ఇంతలో ఆట ఆగిపోయింది. డబ్బు ఎలా పంచాలి? మన ఊరి రచ్చబండ మీదికి వస్తే తలా ఒక మాటా చెప్పి తన్నుకునే తగాదా. ఫెర్మా జడ్జిగారి మాదిరిగానే ఆలోచించాడు. జరిగినదాన్ని కాదు, జరగగలిగినదాన్ని లెక్క కట్టాలన్నాడు. ఇంకా రెండు ఆటలు ఆడి వుంటే నాలుగు రకాలుగా ముగియవచ్చు. అందులో మూడు మొదటివాడివి, ఒకటి రెండోవాడిది. కాబట్టి 48, 16. ఆ వేసవిలో ఇద్దరి మధ్యా నడిచిన ఉత్తరాల్లోంచి పుట్టిందే సంభావ్యతా శాస్త్రం. ఈనాటి బీమా కంపెనీలన్నీ ఆ చెట్టు నీడనే వున్నాయి.

వెలుతురు గాలిలోంచి నీళ్లలోకి పోయేటప్పుడు ఎందుకు వంగుతుందన్నదీ ఆయన చెప్పాడు. పొలం నుంచి ఇంటికి వచ్చే రైతు ఏం చేస్తాడు? బురదలో అడ్డంగా పడి రాడు. గట్టు మీద కొంత దూరం ఎక్కువ నడిచినా, బురదలో తక్కువ నడిచే దారి చూసుకుంటాడు. వెలుతురూ అంతే, తక్కువ కాలం పట్టే దారినే పోతుందన్నాడు.

కాని ఆయన ప్రాణమంతా పూర్ణసంఖ్యల మీద వుండేది. 1640లో రాసిన ఒక ఉత్తరంలో చిన్న సూత్రం ఒకటి చెప్పాడు. ఏదైనా ప్రధాన సంఖ్య తీసుకోండి, 7 అనుకుందాం. ఇంకో సంఖ్య, 2 అనుకుందాం. ఏడు రెళ్లను వేసి గుణిస్తే 128 వస్తుంది. అందులోంచి ఆ 2 తీసేస్తే 126. అది 7తో నిశ్శేషంగా పోతుంది. ఏ ప్రధాన సంఖ్యతోనైనా, ఏ సంఖ్యతోనైనా ఇలాగే జరుగుతుంది. దీనివల్ల ఎవరికేం లాభం అని ఆనాడు ఎవరైనా అడిగివుంటే, ఫెర్మా దగ్గిర జవాబు లేదు. 1977లో అమెరికాలో ముగ్గురు శాస్త్రజ్ఞులు తయారుచేసిన రహస్య సందేశ పద్ధతికి ఆధారం ఈ సూత్రమే, దీన్ని ఆయిలర్ పెంచి చెప్పిన రూపంలో. ఇంటర్నెట్‌లో మన రహస్యాలను కాపాడే తాళాల్లో ఎన్నో ఆ పద్ధతివి.

1657లో ఆయన యూరపు పండితులందరికీ ఒక సవాలు విసిరాడు. ఒక సంఖ్య వర్గాన్ని 61తో గుణించి 1 కలిపితే మళ్లీ వర్గమే రావాలి. అలాంటి సంఖ్య ఏది? చిన్నదే కదా అనుకుని దిగితే మునిగిపోతాం. అన్నిటికంటే చిన్న జవాబు 226153980. కలిపిన తర్వాత వచ్చేది 1766319049 యొక్క వర్గం. ఈ రకం సమస్యలకు ఇంగ్లండులో బ్రౌంకర్ ప్రభువు మార్గం కనుక్కున్నాడు. అయితే ఈ 61 లెక్కనే మన భాస్కరాచార్యుడు 1150 నాటి తన బీజగణితంలో చక్రవాళ పద్ధతితో చేసి చూపించాడు, ఇవే అంకెలు! ఫెర్మాకు ఆ సంగతి తెలియదు. భాస్కరుడి పుస్తకానికి కోల్‌బ్రూక్ ఇంగ్లీషు అనువాదం వచ్చిందే 1817లో. అయిదు వందల యేళ్ల ఎడంలో, ఒకరి పేరు ఇంకొకరికి తెలియకుండా, ఇద్దరు మనుషులు ఒకే అంకె దగ్గిర ఆగి నిలబడ్డారు. ఈ ముక్క చదివిన రోజున నాకు నిద్ర పట్టలేదు. కారణం తర్వాత చెబుతాను.

ఆయన పొరబడలేదా అంటే, పడ్డాడు. 2ను వర్గం చేస్తూ పోండి: 2, 4, 16, 256, 65536. ఒక్కొక్కదానికి 1 కలపండి: 3, 5, 17, 257, 65537. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఎంత దూరం పోయినా అంతేనని ఆయన నమ్మాడు. ఆ తరువాతిది 4294967297. అది 641తో పోతుందని 1732లో ఆయిలర్ చూపించాడు. నిజానికి, నాకు ఫెర్మా మీద ప్రేమ పుట్టింది ఇక్కడే. ఎప్పుడూ తప్పు చేయనివాడైతే మా వసారాలో కూచోబెట్టుకోవటానికి బెరుకుగా వుండేది.

ఇక చివరి సిద్ధాంతం. ప్రాచీన గ్రీకు పండితుడు డయోఫాంటస్ రాసిన అంకగణితాన్ని బాషే అనే ఆయన 1621లో లాటిను అనువాదంతో అచ్చు వేశాడు. ఫెర్మా ఆ పుస్తకం చదువుతూ, తోచిన సంగతులు పుటల అంచుల్లో రాసుకునేవాడు. ఒక వర్గాన్ని రెండు వర్గాలుగా విడదీయటం గురించిన లెక్క ఒకటి వుంది; 25ను 9, 16గా విడదీసినట్టు. దాని పక్కన ఆయన రాసుకున్నదేమిటంటే, ఘనాల దగ్గిర గాని, ఆపై ఘాతాల దగ్గిర గాని ఇలా విడదీయటం కుదరదని, దానికి మంచి రుజువు దొరికిందని, కాని అది పట్టటానికి ఈ అంచు చాలదని. అంతే.

నాలుగో ఘాతానికి మాత్రం రుజువు ఆయన రాతలోనే దొరుకుతుంది. అది దిగుడుబావి మెట్లు దిగటం లాంటిది. అలాంటి సంఖ్యలు వున్నాయంటే, వాటికంటే చిన్నవి వుండి తీరాలి. వాటికంటే చిన్నవి మళ్లీ వుండాలి. పూర్ణసంఖ్యలు అలా ఎంతకని దిగుతాయి? ఎక్కడో అడుగు తగలాలి కదా. కనక అసలు లేవు. మూడో ఘాతానికి ఆయిలర్ రుజువు 1770లో వచ్చింది. మగవాడి పేరుతో ఉత్తరాలు రాసి పండితుల మెప్పు పొందిన సోఫీ జెర్మెన్ ఇంకొంత దారి వేసింది. 1825లో అయిదు, 1839లో ఏడు. 1963లో కేంబ్రిడ్జిలో పదేళ్ల కుర్రవాడు గ్రంథాలయంలో ఒక పుస్తకం తీసి ఈ కథ చదివాడు. అతడే వైల్స్. 1993లో చెప్పిన రుజువులో ఒక లోపం బయటపడింది. ఏడాదికి పైగా మథనపడి, రిచర్డ్ టేలర్ సాయంతో 1994 సెప్టెంబరులో దాన్ని సరిదిద్దాడు. 1995లో అచ్చయింది. అందులో వాడిన గణితంలో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దానిది. కాబట్టి ఫెర్మా అనుకున్న రుజువు అది కాదు. ఆయనకు నిజంగా దొరికిందా, దొరికిందని భ్రమపడ్డాడా? భ్రమే అయివుంటుందని గణితవేత్తలు చాలామంది అంటారు.

ఆయన 1665 జనవరి 12న కాస్త్ర్ అనే ఊళ్లో పోయాడు. కోర్టు పని మీద వెళ్లినవాడు అక్కడే కన్నుమూశాడు. అంచుల్లో రాసిన పుస్తకం ఇంట్లో వుంది. ఉత్తరాలు ఎవరెవరి దగ్గిరో వున్నాయి. ఇక్కడ పెద్దకొడుకు క్లెమాన్ సామ్యుయెల్ పూనుకున్నాడు. తండ్రి కాగితాలు పోగుచేశాడు, ఉత్తరాలు అడిగి తెప్పించాడు. 1670లో డయోఫాంటస్ గ్రంథాన్ని మళ్లీ అచ్చు వేయిస్తూ, తండ్రి అంచుల్లో రాసుకున్న 48 వ్యాఖ్యలనూ ఎక్కడివక్కడ చేర్పించాడు. 1679లో మిగతా రచనలు వేయించాడు. ఫెర్మా చేత్తో రాసిన ఆ ప్రతి ఈనాడు ఎక్కడా లేదు. కొడుకు అచ్చు వేయించి వుండకపోతే ఆ చివరి సిద్ధాంతమూ లేదు, మూడు శతాబ్దాల వేటా లేదు, వైల్సూ లేడు. అన్నీ ఏ పచారీ కొట్టులోనో పొట్లాలై పోయేవి.

ఇప్పుడు నా సంగతి. మా అమ్మ పోయిన తర్వాత ఆవిడ పెట్టెలో ఒక పాత పంచాంగం దొరికింది. శోభకృత్ నామ సంవత్సరానిది, అంటే 1963-64. అందులో నా చెల్లెలి పెళ్లిచూపుల తేదీ రాసి వుంది గనక అమ్మ దాన్ని దాచుకుంది. పుటలు తిప్పుతుంటే, ఒక అంచున నాన్నగారి దస్తూరీ కనిపించింది. 5 = 1 + 4. 13 = 4 + 9. 17 = 1 + 16. 29 = 4 + 25. ఇలా 97 దాకా. కింద ఇంకో వరస: 3, 7, 11, 19, 23... వాటి పక్కన, "కుదరవు. ఎందుకో?"

ఫెర్మాను చదివి వున్నాను గనక తెలిసింది. ప్రధాన సంఖ్యను నాలుగుతో భాగిస్తే ఒకటి మిగిలితే అది రెండు వర్గాల మొత్తం అవుతుంది. మూడు మిగిలితే ఎన్నటికీ కాదు. 1640లో క్రిస్మస్ నాడు ఫెర్మా మెర్సెన్‌కు రాసిన ఉత్తరంలోని విషయం ఇదే. కోర్టు గుమాస్తాగారు పాలవాడి పద్దు పక్కన, ఎవరూ చెప్పకుండా, ఆ గుమ్మం దాకా నడిచి వెళ్లారు. భాస్కరుడి 61 చదివిన రాత్రి నాకు నిద్ర పట్టకపోవటానికి కారణం ఈ పంచాంగమే.

నాన్నగారు మేధావి అని నేననటం లేదు. ఆ ప్రశ్నలో సగానికి జవాబు సులువే. ఏ వర్గాన్నయినా నాలుగుతో భాగిస్తే మిగిలేది సున్నా, లేకపోతే ఒకటి. రెండు వర్గాలు కలిపితే మూడు మిగలటమన్నది కల్ల. ఇది నేను కాగితం మీద వేసుకుని తెలుసుకోవటానికి రెండు రోజులు పట్టింది. మిగతా సగం, అంటే ఒకటి మిగిలేవన్నీ ఎందుకు కుదురుతాయన్నది, చాలా కష్టమైనది. దానికి రుజువు ఆయిలర్ దాకా అచ్చులోకి రాలేదు. నాన్నగారు 1963 తర్వాత పద్ధెనిమిదేళ్లు బతికారు. రోజూ ఆ బల్ల ముందు కూచునేవారు. ఆ "ఎందుకో"కి జవాబు దొరికిందో లేదో, దొరికితే సగమో మొత్తమో, ఆ పదకొండు కిలోల్లో వుండేది. ఫెర్మా రుజువు అంచు చాలక పోయింది. నాన్నగారి జవాబుకు కాగితాలు చాలినన్ని వున్నాయి, కొడుకే చాలలేదు.

వీధిలో పాత కాగితాల వాడి కేక వినిపిస్తే ఇప్పటికీ గుమ్మంలోకి వస్తాను. అమ్మటానికి కాదు. పక్కింటివాళ్లు తక్కెడ ముల్లు వంక చూస్తూ నిలబడి వుంటారు, నేనానాడు నిలబడినట్టే. "ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండమ్మా" అంటాను. ముసలాయనకు చాదస్తం అనుకుంటారు కాబోలు. అనుకోనివ్వండి. తూకం సంగతి తర్వాత చూసుకోవచ్చు.